హరిత ద్రావణానికి ఆకుపచ్చ రంగు

కూరగాయ రైతులమైన మేము సంతోషంతో తెలియజేయునది ఏమనగా, మా పొలాల పక్కనున్న పరిశోధనా కేంద్రం ఏడేళ్ళు శ్రమించి కనిపెట్టిన హరిత నానో ద్రావణం ఎట్టకేలకు ఆకుపచ్చగా మారింది.

మొదట్లో అది అలా ఉండేది కాదు. దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త మాటలు తక్కువ మనిషి. ఆకుల కషాయంలో వెండి లవణం కలిపి, కంటికి కనపడనంత సన్నటి వెండి రేణువులు తయారు చేసింది. ఘాటు మందులతో పని లేకుండా ఆకులతోనే చేసింది కాబట్టి హరితం అన్నారు. రంగు మాత్రం తుప్పు నీళ్ళ రంగు.

మట్టిలోని నులిపురుగులు వేళ్ళలో దూరితే బుడిపెలు కడతాయి. మొక్క నీళ్ళు తాగలేక నిలువునా వాడిపోతుంది. మేమంతా టమాటా పెద్దమ్మ అని పిలిచే ఆమె చేను రెండేళ్ళుగా అలాగే పోయింది. "ఈసారీ పోతే చేను వదిలేసి కూలికి పోవడమే తల్లీ" అని శాస్త్రవేత్తతో అంది. శాస్త్రవేత్త ఆరు సాళ్ళకు ద్రావణం పోసింది. నలభై రోజులకు ఒక మొక్క పీకి చూస్తే, వేళ్ళు దువ్విన జుట్టులా ఉన్నాయి. పెద్దమ్మ దాన్ని కడిగి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కేంద్రానికి తెచ్చింది.

డైరెక్టరుగారు వేళ్ళను చూడలేదు, సీసాను చూశారు. "హరితం అని చెప్పి మురికినీళ్ళు చూపిస్తే పెద్దల ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోనమ్మా?" అన్నారు. తక్షణమే ముగ్గురు సభ్యులతో రంగు నిర్ధారణ సంఘం ఏర్పడింది. వారిలో ఒకరికి రంగుల తేడా తెలియదు. నిష్పక్షపాతంగా ఉంటారని ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

రంగు కలిపారు. కలపగానే రేణువులు ముద్దకట్టి సీసా అడుగున కూర్చున్నాయి.

"ఇక ఇది పనిచెయ్యదండీ" అంది శాస్త్రవేత్త.

"చూడముచ్చటగా ఉంది కదమ్మా. పని కూడా చెయ్యాలంటే ఎట్లా? అన్నీ ఒకదానిలోనే ఉండాలంటే అత్యాశ" అన్నారు డైరెక్టరుగారు. అడుగున పేరుకున్నదాన్ని మలినంగా గుర్తించి, వడకట్టి, పారబోయించారు.

ఆవిష్కరణ సభ పెద్దమ్మ చేలోనే జరిగింది. నానో పదార్థం కంటికి కనపడదని విని ముఖ్య అతిథి పులకించారు. "కంటికి కనపడని పని చెయ్యడం మన శాఖకు కొత్త కాదు" అని ప్రసంగించారు. చప్పట్లు ఆగలేదు. వేదిక కింద రెండు సాళ్ళు నలిగిపోయాయి.

శాస్త్రవేత్త మాత్రం రంగు కలపకుండా మిగిలిన పాత తుప్పునీళ్ళను డబ్బాలకెత్తి మోసుకొచ్చి, పెద్దమ్మ మిగతా చేనంతా తడిపింది. అనుమతి లేని రంగుతో పంటను బతికించినందుకు ఆమెను సంజాయిషీ అడిగారు. ఆమె ఒకే వాక్యం రాసిచ్చింది: పంట బతికింది. తప్పు ఒప్పుకున్నట్టు నమోదు చేసుకుని గోనెసంచుల గోదాముకు బదిలీ చేశారు.

మేమంతా కేంద్రం ముద్ర ఉన్న ఆకుపచ్చ మందే పోశాం. పెద్దమ్మ మమ్మల్ని పిలిచింది. "ఇంకో నాలుగు డబ్బాలున్నాయి, పట్టుకుపోండిరా. రంగుదేముంది, వేళ్ళు చూడండి" అంటూ ఒక మొక్క పీకి చూపించింది. మేము డబ్బాలోకి తొంగి చూసి, ముక్కు మూసుకుని వచ్చేశాం. అంతమంది చదువుకున్నవాళ్ళు తప్పు చెబుతారా?

రెండు నెలలకు మా చేలు వాడిపోయాయి. ఆమె చేను విరగకాసింది. ఏమిటి కారణమని మేము లోతుగా ఆలోచించాం. అక్కడ తిండి దొరకని పురుగులే మా చేలకు వలస వచ్చాయని తేలింది. ఆమె పంట పీకించాలని కేంద్రానికి అర్జీ పెట్టాలనుకున్నాం. డైరెక్టరుగారు పెద్దమనసుతో అర్జీ కూడా తామే రాయించి పంపారు.

"పిలిచినప్పుడు పట్టుకుపోయి ఉంటే మీవీ బతికేవి కదరా" అంది పెద్దమ్మ, గట్టు మీద నిలబడి. మాలో ఎవరికీ జవాబు తోచలేదు. అందువల్ల ఆమె దురుసుగా మాట్లాడిందని కూడా అర్జీలో చేర్పించాం.

సంతకాలు దాదాపు పూర్తయ్యాయి. అడుగున ఒక్క చోటు ఖాళీగా ఉంది. మీకు చేను లేకపోయినా ఫరవాలేదు, వచ్చి ఒక సంతకం పెట్టండి. చదవనక్కర్లేదు. మేమూ చదవలేదు.