నీలికోటు దిగ్విజయము

మార్తాండమండలం నడినెత్తిని వీడి పడమటికి జానెడు ఒరిగిన వేళ, భోజనానంతర నిద్రాభారంతో సకల కార్యాలయోద్యోగుల కనురెప్పలూ ఏకకాలంలో వాలుతున్న వేళ, శీతలయంత్రమారుతాలు హోరెత్తే ఒకానొక బట్టల దుకాణపు రెండవ అంతస్తులో, బిల్లింగు కౌంటరనే ఘోరరణరంగంలో సాగిన మహాసంగ్రామాన్ని చెబుతాను, వినండి. కుర్చీలు కాస్త దగ్గరికి లాక్కోండి. ఎవరికైనా ఫోను వస్తే బయటికి వెళ్ళి మాట్లాడుకోండి, ఈ కథలో మోగే ఫోన్లే నాకు చాలు.

కథానాయకుడు ఒక దర్జీ. సూచీధరాగ్రగణ్యుడు, కర్తరీపాణి, కొలతటేపును కంఠహారంగా ధరించినవాడు, పాదతాడనమాత్రాన కుట్టుమిషనును కదం తొక్కించగలవాడు, గుండీకాజాసంధానధురంధరుడు. సమాసం దుష్టమైనా మనిషి మంచివాడు. ముప్ఫైయేళ్ళుగా ఆ వీధిలోని సమస్త నరనారీజనానికీ నడుములు కొలిచి, ఎవరి నడుము ఏ యేడు ఎంత పెరిగిందో ఎరిగియుండియు పెదవి విప్పని ధీరోదాత్తుడు. అంతటివాడికీ ఒక లోపముంది. బట్టలెప్పుడిస్తావని ఎవరడిగినా "సాయంత్రానికల్లా ఇచ్చేస్తాను" అంటాడు. ఏ సాయంత్రమో మాత్రం చెప్పడు.

అతని అర్ధాంగి ఆసుపత్రిలో హెడ్ నర్సు. జ్వరపీడితులకూ, శస్త్రచికిత్సాభీతులకూ, అకారణంగా అరిచే వారి బంధువులకూ ముప్ఫైనాలుగేళ్ళు ఎదురొడ్డి నిలిచిన ఆ శ్వేతవస్త్రధారిణి ఆ రోజే రిటైరవుతోంది. సాయంత్రం ఐదింటికి ఆసుపత్రి హాల్లో వీడ్కోలు సభ. ఈ ఒక్కరోజైనా యూనిఫారం కానిది ఏదైనా వేసుకుందామని, నాలుగు నెలల కిందటే నీలంరంగు కోటుగుడ్డ తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తనకని ఆవిడ అడిగిన మొదటి కుట్టు అదే.

ఆ గుడ్డ మీద సుద్దగీతలు పడ్డాయి, అంతే. ఆ తర్వాత పరుల ప్యాంట్లు, పరుల చొక్కాలు, బడిపిల్లల యూనిఫారాలు అలలు అలలుగా దాని మీద పడి, ఆ నీలాన్ని అల్మారా అడుగున పాతాళానికి తొక్కేశాయి. ఆ ఉదయం గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆవిడ కోటు అయిందా అని అడిగింది. దర్జీది అలవాటు పడ్డ నోరు కదా, సాయంత్రానికల్లా అనేసింది. ఆవిడ నమ్మి వెళ్ళింది. నాకు ఆ ఘట్టం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం దాకా ఆ గీతల ముందు కత్తెర పట్టుకు కూర్చున్నాడు, కోత పడలేదు. మిగిలిన గంటల్లో కోటు పుట్టదని తేలాక, ఆ దర్జీవంశంలో ముత్తాతల నాటి నుంచీ ఎవ్వడూ కలనైనా తలపెట్టని దారుణకృత్యానికి సిద్ధపడ్డాడు. రెడీమేడ్ కోటు కొని, మెడ దగ్గరి లేబులు పీకేసి, తానే కుట్టానని చెబుదామనుకున్నాడు. అతనంటే నాకు అభిమానమే, కానీ ఇది నీచం.

కోటు దొరికింది. అదే నీలం, భుజాలు సరి, పొడవు సరి, నడుము మాత్రం రెండంగుళాలు వదులు. వీరుడు కౌంటరును సమీపించి, పర్సునుండి క్రెడిట్ కార్డును ఖడ్గంవలె దూసి యంత్రముఖాన ప్రయోగించాడు. యంత్రం కుయ్యిమని తిప్పికొట్టింది. తుడిచి ప్రయోగించాడు, తిప్పికొట్టింది. ఊది ప్రయోగించాడు, మళ్ళీ తిప్పికొట్టింది. కౌంటరులోని అమ్మాయి తెర మీదికి వంగి చూసి, ఎవరో దొంగతనంగా వాడుతున్నారన్న అనుమానంతో బ్యాంకువాళ్ళే కార్డు ఆపేశారని చెప్పింది.

అప్పుడతని హృదయకుహరంలో రౌద్రం పెల్లుబికింది. "ఓరీ విద్యుత్పానమత్తా, చతురంగుళప్రమాణ దురహంకారీ, లోకమానాన్ని కాపాడే వస్త్రనిర్మాతనా నువ్వు చోరుడనేది? నీ తీగెలు తెంపి కాజాలు కుడతాను, కాచుకో" అని సింహనాదం చేశాడు, మనసులో. పైకి మాత్రం ఇంకొక్కసారి చూడమ్మా అన్నాడు. జేబులు తడిమితే ఒక సుద్దముక్క, వేలికి తొడిగే ఒక అంగుస్తానా, నాలుగు విడి గుండీలు బయటపడ్డాయి తప్ప నోటన్నది కనబడలేదు.

అంతలో వెనక నుంచి "ఏం మాస్టారూ, మీరిక్కడ?" అని వినిపించింది. లాయరుగారు. మూడు వారాలుగా తన ప్యాంటు కోసం దర్జీ కొట్టు చుట్టూ తిరిగి తిరిగి, విసిగి, చేతిలో ఒక రెడీమేడ్ ప్యాంటుతో వరసలో నిలబడ్డాడు. దర్జీ గబుక్కున కోటును వీపు వెనక దాచుకుని బ్యాంకుకు ఫోను చేశాడు.

ఒకటి నొక్కి, నాలుగు నొక్కి, తొమ్మిది నొక్కి, అంకెల వ్యూహాలు ఛేదించి, మధ్యమధ్య పిల్లనగ్రోవి పాటను ఓర్చుకుని, ఎట్టకేలకు ఒక మానవకంఠాన్ని చేరుకున్నాడు. ఆ బ్యాంకు ఉద్యోగిని అతని పుట్టినరోజడిగింది, తల్లి పేరడిగింది, చివరగా ఏం కొన్నారనడిగింది. మిషను నూనె అన్నాడు. అన్నీ సరిపోయాయి, కార్డు మాత్రం కదల్లేదు.

"మీరు పద్దెనిమిదేళ్ళుగా సూదులు, దారాలు, గుండీలు, నూనె తప్ప ఈ కార్డు మీద ఇంకేం కొనలేదండి. ఇవాళ ఉన్నట్టుండి ఆడవాళ్ళ కోటు. మీరేనా అని మీ నంబరుకి మెసేజ్ పెట్టాం. కాదు అని జవాబొచ్చింది" అందామె.

 ఆ నంబరు అతనిది కాదు. కార్డు తీసుకున్న నాడు, తన ఫోను ఎప్పుడూ గుడ్డల కుప్ప కింద పడి మోగినా వినబడదని, ఫారంలో పెళ్ళాం నంబరు రాయించాడు.

సంగతి అర్థమైన లాయరుగారికి వృత్తిధర్మం పొంగుకొచ్చింది. ఫోను అందుకుని, ఈయన దర్జీయేననడానికి తానే సాక్షినని, తన ప్యాంటు మూడు వారాలుగా ఈయన నిర్బంధంలోనే ఉందని, అంతకన్నా రుజువేం కావాలని గంభీరంగా వాదించాడు. బ్యాంకులో ఆ సాక్ష్యం చెల్లలేదు. ఆ నంబరావిడ లైన్లోకొచ్చి ఒప్పుకుంటే తప్ప కుదరదని, కలపమంటే కలుపుతానని ఉద్యోగిని తేల్చి చెప్పింది.

గోడగడియారం మూడు చూపిస్తోంది. కోటు అక్కడే వదిలేసి వెళ్ళిపోవచ్చు. కరెంటు పోయిందనో, సూది విరిగిందనో చెప్పొచ్చు. ఆవిడ ఏమీ అనదు, మోచేతుల దగ్గర వెలిసిపోయిన పాత స్వెట్టరు వేసుకుని సభకు వెళుతుంది. ఆ స్వెట్టరు కళ్ళముందు కదిలేసరికి, నిజం చెబుతున్నాను, మన వీరుడు లాయరుగారి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. కలపండి అన్నాడు.

ఆవిడ కంఠం ఖంగుమంది. "కాదని నొక్కింది నేనేనమ్మా. ఎవడో దొంగ వెధవ. మా ఆయన దర్జీ. రెడీమేడ్ రుమాలు కూడా కొని ఎరగడు. ఇప్పుడు కొట్లో కూర్చుని నా కోటే కుడుతున్నారు. ఆయనకి ఫోన్ చెయ్యకండి, చేతిలో పని చెడుతుంది."

లక్ష సూదులు ఏకకాలంలో గుచ్చుకున్నా అంత బాధ ఉండదు.

"ఆ దొంగని నేనే" అన్నాడు దర్జీ. "కోటు అవలేదు. సుద్దగీతల దగ్గరే ఉంది. ఇది కొని, నేనే కుట్టానని చెబుదామనుకున్నా. తప్పయింది."

బ్యాంకు ఉద్యోగిని టైపు చెయ్యడం ఆపేసింది. కౌంటరులో అమ్మాయి గోడవైపు చూసింది. అర్ధాంగి గొంతు వినిపించింది.

"ఏ రంగు?"

"నీలం. నీ గుడ్డ రంగే."

"నడుము?"

"రెండంగుళాలు వదులు. కుట్టు లోపలికి పట్టించాలి."

"ఎప్పటికిస్తారు?"

అలవాటైన మాట నాలుక కొసదాకా వచ్చింది. దర్జీ దాన్ని గుటకేసి మింగాడు. "నాలుగున్నరకి" అన్నాడు. ముప్ఫైయేళ్ళలో ఆ నోట గడియారపు అంకె పలకడం అదే మొదలు. లాయరుగారి చేతిలోంచి ప్యాంటు జారి కింద పడింది.

"వదిలెయ్యమ్మా, మా ఆయనే" అంది ఆవిడ బ్యాంకు ఉద్యోగినితో.

దర్జీ మళ్ళీ కార్డు పెట్టిన మరుక్షణం యంత్రం గిర్రుమని, విజయపత్రాన్ని రెండంగుళాల కాగితంగా కక్కింది.

ఆ తర్వాతి సూచీవిన్యాసాన్ని వర్ణించడానికి నాకు ఊపిరి చాలదు. నడుము విప్పాడు, పట్టించాడు, ఇస్త్రీ చేశాడు. లేబులు పీకలేదు. దాని కిందుగా, ఆవిడ తెచ్చిన గుడ్డలోంచి అరచేతంత కత్తిరించి లోపలి జేబు కుట్టాడు. దాని మీది సుద్దగీత చెరపలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర ఆవిడ కోటు తొడుక్కుని, జేబులో చెయ్యి పెట్టి, ఆ గీతను వేలితో తడిమింది. నడుము సరిపోయిందని మాత్రం అంది. తర్వాత అతని మెడలోంచి టేపు తీసి, మడిచి, అదే జేబులో వేసుకుని, సభలోకి రమ్మని చెయ్యి పట్టుకుంది.

కనుక సమస్త జనులారా, దిక్కులు పిక్కటిల్లేట్టు ప్రకటిస్తున్నాను. ఒక దర్జీ చెప్పిన రోజున, చెప్పిన వేళకు, రెండు నిమిషాల ముందే బట్ట ఇచ్చాడు. ఈ వార్త చెవిన పడిన లాయరుగారు కొండంత ఆశతో రెడీమేడ్ ప్యాంటు వాపసిచ్చేసి, మర్నాడు పొద్దున్నే కొట్టుకు వెళ్ళి తన ప్యాంటెప్పుడని అడిగాడు.

సాయంత్రానికల్లా అన్నాడు దర్జీ.