వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు

ఆ శనివారం ఉదయం వందన వేసుకున్న పథకం చాలా చిన్నది. గురజాల నుంచి బస్సులో నాపరాళ్ళపల్లె రావడం, శాఖా గ్రంథాలయం తాళం తీయడం, తను తయారుచేసిన చిన్న వీడియోని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. అంతే. అది చూసి ఓ పదిమంది సోమవారం గ్రంథాలయానికి వస్తే చాలు. సోమవారం జిల్లా నుంచి అధికారి వస్తున్నాడు. చదివేవాళ్ళు లేని శాఖల్ని మూసి మండల కేంద్రంలో కలిపేస్తున్నారు. ఈ శాఖ మూతపడితే వందన కాంట్రాక్టు ఉద్యోగం కూడా దానితోనే పోతుంది. ఈ నెలలో లోపలికి వచ్చినవాళ్ళలో సగం మంది దారి తప్పినవాళ్ళు, మిగతా సగం ఫ్యాను కోసం వచ్చినవాళ్ళు.

బయట ఆకాశం బూడిద రంగులో ఉంది. మిరప కోతల కాలంలో రాకూడని మబ్బు.

వీడియో కోసం ఆమె చాలా కష్టపడింది. పాత ఫోటోలను, పాటలను, శబ్దాలను ఎవరైనా తీసుకుని కొత్త కథలు అల్లుకోమని వదిలేసిన భాండారాలు ఇంటర్నెట్లో ఉంటాయి. అలాంటి ఒకదానిలో వందేళ్ళనాటి ఫోటో దొరికింది. నాపరాళ్ళపల్లె శివార్లలోని రాతిబయలు. దాని మీద జనం గుంపుగా కూర్చుని, ఎవరో పుస్తకం చదువుతుంటే వింటున్నారు. దానికి మరోచోట దొరికిన డప్పు శబ్దం జోడించింది. సుబ్బరత్నమ్మ అనే పెద్దావిడ చేత చిన్ననాటి సంగతులు చెప్పించి కలిపింది. ఇలా తీసుకున్నప్పుడు ఏ షరతుల మీద తీసుకున్నామో చివర్లో చెప్పడం నియమం. వందన నియమాలు తప్పే మనిషి కాదు. ఆఖర్న, రాతిబయలు బొమ్మ మీదే, తెల్లటి అక్షరాలతో ఇలా రాసింది: "దీనిపై ఎవరికీ హక్కులు లేవు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు."

మిగతా వీడియోని ఊళ్ళో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ చివరి మాటల్ని మాత్రం ఆపి ఆపి చదివారు.

పొద్దెక్కాక యోబు వచ్చాడు. మిరప కోతలకు పోయే కూలీ. గ్రంథాలయం గడప తొక్కడం అతనికి అదే మొదలు. వందన సంబరపడి కుర్చీ వేసింది.

"రా బాబాయ్, కూర్చో. వీడియో చూశావా?"

"చూశానమ్మా. ఇంటిల్లిపాదీ చూశాం. మా మార్తమ్మయితే ఏడ్చింది."

"అంత బాగుందా?"

"బాగుండక! మా నాయన అడిగీ అడిగీ పోయాడు. నేనడగబట్టి నెత్తి నెరిసింది. ఇన్నాళ్ళకి మాకూ ఇంటి జాగా." అతను గొంతు తగ్గించాడు. "మార్చుకోవచ్చు అంటే పేరు మార్పిడేగా? మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరగబన్లేదుగా?"

"ఏం జాగా బాబాయ్?"

"రాతిబయలు. ఎవరికీ హక్కుల్లేవని నువ్వేగా రాసింది? పంచుకోమని కూడా రాశావు."

రాతిబయలు మిరప రైతు పున్నయ్యది. తాతల నాటి నుంచి వాళ్ళ కల్లం. ఈ ఏడాది ఆయన తోటలో కోసిన కాయంతా ఇప్పుడు అక్కడే ఆరుతోంది.

"అయ్యో, అది భూమి గురించి కాదు బాబాయ్. ఫోటో గురించి. ఫోటోని వాడుకోవచ్చు, ఫోటోని పంచుకోవచ్చు."

యోబు మొహం గంభీరంగా మారింది. "అట్నా. ఫోటో ఉండాల్నా. మంచిమాట చెప్పావమ్మా," అని లేచి గబగబా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి షబ్బీర్ ఫోటో స్టూడియో ముందు వరస కట్టారు. ఫోటో చేతిలో ఉన్నవాడికే వాటా అన్న మాట ఊరంతా పాకింది. వానకు తడవకుండా ల్యామినేషన్ కూడా చేయించుకున్నారు. ముందుచూపున్న ఇద్దరు ముగ్గురైతే వందేళ్ళనాటి ఆ గుంపులో తమ తాతల మొహాలు అతికించమన్నారు. షబ్బీర్ అతికించి ఇచ్చాడు.

వందన గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "అందరికీ నమస్కారం. దయచేసి అపార్థం చేసుకోవద్దు. ఇది వారసత్వ సంపద. మనందరిదీ." వారసత్వం, సంపద, మనందరిదీ అన్న మూడు మాటలూ జనానికి స్పష్టంగా వినిపించాయి. ముందున్న దయచేసి మాత్రం ఎవరికీ వినపడలేదు.

సాయంత్రానికి పిడుగురాళ్ళ ప్లాట్ల వ్యాపారి కిరణ్ కుమార్ ఆ వీడియోనే తీసుకుని, సుబ్బరత్నమ్మ గొంతు తీసేసి, హుషారైన సంగీతం పెట్టి, బయలు మీద పచ్చగీతలతో ప్లాట్లు గీసి "త్వరపడండి" అని వదిలాడు. వందన ఫోన్ చేసి గట్టిగా అడిగింది.

"నా వీడియోని ఎట్లా మారుస్తారండీ?"

"మార్చుకోవచ్చని మీరే రాశారు గదా మేడమ్."

ఆమె ఫోన్ పెట్టేసి, వీడియోని గ్రూపులోంచి తీసేసింది. ఆ రెండు రోజుల్లో ఆమె చేసిన తప్పులన్నిటిలోకి అదే పెద్దది. అప్పటిదాకా నమ్మనివాళ్ళు కూడా నమ్మారు. "చూశారా, పైనుంచి తీయించారు! అబద్ధమైతే తీయించే పనేంది?"

ఆదివారం పొద్దున ఆమె వచ్చేసరికి రాతిబయలంతా తాళ్ళు, సున్నం గీతలు. పున్నయ్య కాయను పారలతో నెట్టి ఓ మూల గుట్ట పోశారు. యోబు, మార్తమ్మ తమ గీతల మధ్య నిలబడి వాదించుకుంటున్నారు.

"వాకిలి తూర్పుకి పెడదామే."

"పొద్దున్నే లేచి ఎదురింటోళ్ళ మొహం చూడాల్నా? ఉత్తరానికి పెట్టు."

మార్తమ్మ మూడు రాళ్ళు ఏరుకొచ్చి పొయ్యిలా పేర్చి, కొంచెం వెనక్కి జరిగి చూసుకుంది. ఆ మొహం చూశాక వందన, బస్సులో కూడబలుక్కున్న మాటలు వదిలేసి, పున్నయ్య వైపు నడిచింది.

పున్నయ్య కాయల గుట్ట పక్కనే కూర్చుని ఉన్నాడు. అరిచీ అరిచీ గొంతు పోయినట్టుంది.

"ఏందమ్మా ఇది? చదువుకున్నదానివి," అన్నాడు మెల్లగా. "పోయినేడు కాపంతా పురుగు తిన్నది. ఈ ఏడు మిగిలిందనుకున్నా. మిగిలింది నువ్వు తింటున్నావు."

"పెదనాన్నా, నేను..."

చినుకు పడింది. ఒకటి, మరొకటి, ఆపైన జోరుగా.

అందరూ తలెత్తి చూశారు. తర్వాత కాయల గుట్ట వైపు చూశారు. అక్కడున్నవాళ్ళలో మిరపకాయ ముట్టని చెయ్యి ఒక్కటీ లేదు. వానలో తడిసిన కాయ ఏమవుతుందో వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"పట్టాలు! ఒరేయ్, పట్టాలు తేండిరా!" అని యోబు కేకేశాడు.

ఇంటి పట్టాల కోసం వచ్చినవాళ్ళంతా టార్పాలిన్ పట్టాల కోసం ఇళ్ళకు పరుగెత్తారు. తెచ్చి కప్పేలోపు గుట్ట సగం తడిసింది. సున్నం గీతలు పాలలా కరిగి వాగులోకి పోయాయి. మార్తమ్మ పొయ్యిరాళ్ళు మాత్రం నీళ్ళలో అలాగే నిలబడ్డాయి.

తడిసిన కాయను ఆరబెట్టడానికి పొడి నేల కావాలి, గాలి కావాలి. ఊళ్ళో కారని కప్పు, తిరిగే ఫ్యాన్లు ఉన్న పెద్ద గది ఒక్కటే.

"గ్రంథాలయంలోకి తెండి," అంది వందన. అన్నాక గాని రేపు సోమవారమన్న సంగతి గుర్తుకు రాలేదు.

సోమవారం కూడా ముసురు పట్టే ఉంది. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాన్లన్నీ వేసి, బీరువాల మధ్య నేలంతా కాయ పరిచారు. ఊరు ఊరంతా వరసలుగా కూర్చుని మచ్చపడ్డ కాయల్ని ఏరుతోంది. ఎవరూ పిలవలేదు. తాము నెట్టిన కాయే కాబట్టి ఎవరికి వాళ్ళే వచ్చారు. గాలిలో ఘాటు సుడి తిరుగుతోంది. అందరి ముక్కులూ ఎర్రబడ్డాయి, అందరి కళ్ళూ ధారగా కారుతున్నాయి. యోబు కళ్ళలో నీళ్ళు ఘాటువో కావో ఎవరూ అడగలేదు.

అధికారి తలుపు తోసుకుని గుమ్మంలో ఆగిపోయాడు. కిక్కిరిసిన జనం వీపుల వెనక నేల కనపడలేదు. కనపడిందల్లా పుస్తకాల బీరువాలు, వాటి మధ్య కొంగులతో, తువ్వాళ్ళతో కళ్ళు తుడుచుకుంటున్న ఊరు.

"ఏమిటమ్మా ఇదంతా?" అన్నాడు.

వందన నిజం చెప్పెయ్యాలనే లేచింది. "సార్, మిర..." అనేలోపు తుమ్ము వచ్చింది. మళ్ళీ నోరు తెరిస్తే మళ్ళీ తుమ్ము. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అధికారి చెయ్యెత్తి వారించాడు. "వద్దమ్మా. చెప్పొద్దు. నాకర్థమైంది." అప్పటికే ఆయన కళ్ళు కూడా చెమర్చాయి.

పున్నయ్య గోడ పట్టుకుని లేచాడు. "అంతా పోయింది సార్. ఇంక మాకేం మిగల్లేదు."

"పోదు," అన్నాడు అధికారి బొంగురు గొంతుతో. "నేనుండగా పోనివ్వను."

"మాటిస్తున్నారా సార్?"

"ఇస్తున్నాను."

నష్టపరిహారం ఖాయమైందనుకుని పున్నయ్య చేతులు జోడించాడు. జనం చప్పట్లు కొట్టారు. అధికారి గడపలో నిలబడి ఫోటో ఒకటి తీసుకుని, రుమాలు మొహానికి అదుముకుంటూ, దగ్గుతూ జీపెక్కాడు. ఒక మామూలు పల్లె పుస్తకాల కోసం ఇంతగా ఏడవడం తన సర్వీసులో చూడలేదని దారంతా డ్రైవరుతో అంటూనే ఉన్నాడట.

శాఖను మూసే ఆలోచన విరమించారు. పున్నయ్య కాయ మచ్చకాయకిచ్చే తాలు ధరకు పోయింది. పరిహారం కోసం ఆయన చాలాకాలం ఎదురుచూశాడు, వందనతో మాత్రం మాట్లాడటం మానేశాడు. యోబు తన తాడు చుట్టుకుని వెళ్ళి, మర్నాడు అదే కల్లంలో కూలికి దిగాడు.

గ్రంథాలయాన్ని ప్రజల కన్నీళ్ళే కాపాడాయని పేపర్లో ఫోటోతో సహా వచ్చింది. ఆ పేపరు గ్రంథాలయం బల్ల మీద వారం రోజులు ఎవరూ మడత విప్పకుండా అలాగే ఉండిపోయింది.