వెండెల్ పేరు మీద ఫోల్డరు

అమ్మ అంత్యక్రియలు మధ్యాహ్నం రెండింటికి. చర్చిలో చదవాల్సిన మాటలు కంప్యూటర్లో సిద్ధంగా ఉన్నాయి. ముద్రించుకుని వెళ్లడమే పని. పొద్దున్నే కాఫీ కప్పుతో కూర్చున్న ఆర్లిస్‌కు ఆ ఫైలున్న ఫోల్డరు పేరు కంటబడింది: వెండెల్.

వెండెల్‌తో విడాకులై మూడేళ్లయింది. ఆర్లిస్ ఇంటి తాళాలు మార్చింది, తన ఇంటిపేరు మార్చుకుంది. కంప్యూటరు తెరవగానే పలకరించే పేరునూ మార్చింది. అయినా ఆమె ఫోటోలు, ఉత్తరాలు ఇంకా వెండెల్ పేరు కిందే కాపురముంటున్నాయి. అప్పట్లో ఆ కంప్యూటరును సర్దిపెట్టింది అతనే మరి.

"ఇవాళ కూడా నీ కిందేనా?" అని ఒళ్లు మండి, తన ఖాతాలోంచి కుదరకపోతే అదే కంప్యూటర్లో ఉన్న కూతురి ఖాతాలోంచి వెళ్లి ఆ ఫోల్డరుకు తన పేరు పెట్టేసింది.

తిరిగి తన ఖాతా తెరిస్తే అంతా ఖాళీ. అమ్మ ఫోటో లేదు, ఫైళ్లు లేవు. మూలన ఏదో హెచ్చరిక వస్తే చదవకుండానే మూసేసి, ఏడుస్తూ గుర్తున్నంతా మళ్లీ టైపు చేసింది. రెండు గంటలు పట్టింది. తీరా ప్రింటరు కదలలేదు. కంప్యూటరును ఒకసారి ఆపి తెరిస్తే సర్దుకుంటుందనుకుంది. తెరిచేసరికి కొత్తగా టైపు చేసిందీ పోయింది.

ఇక గతిలేక వెండెల్‌కే ఫోన్ చేసింది.

అతను నల్ల సూటులో వచ్చి, మంచు బూట్లు గుమ్మంలో విడిచి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"ఏం చేశావ్?"

"పేరు మార్చాను."

"ఎవరిది?"

ఆర్లిస్ చల్లారిన కాఫీ కప్పు తీసి పక్కన పెట్టింది.

"ఈ కంప్యూటరు నీ సామాను కోసం పాత పేరుతోనే వెతుకుతుంది. దొరక్కపోతే తాత్కాలికంగా ఓ ఖాళీ చోటిస్తుంది. నువ్వు బయటికి రాగానే ఊడ్చేస్తుంది. హెచ్చరించిందిగా?"

"చదివే ఓపికుంటే నిన్నెందుకు పిలుస్తాను? ఇప్పుడేం చెయ్యాలి?"

"మళ్లీ నా పేరు పెట్టాలి."

"ఇంకో దారి లేదా?"

"ఉంది. సాయంత్రం దాకా పడుతుంది."

పళ్లు బిగించి, ఒక్కో అక్షరం ఆమే కొట్టింది. ఖాతా తెరవగానే తెర మీదికి అమ్మ వచ్చింది. ప్రింటరు నాలుగు పేజీలు కక్కింది. మూడోది వెండెల్ చేతికి చిక్కింది.

"'మా అమ్మ చేసిన పొరపాటు ఒక్కటే, నన్ను ఆ పెళ్లికి ఒప్పించడం,'" అని పైకే చదివాడు. "ఆవిడ నాతోనూ ఇదే అనేది, గురువారాలు డయాలిసిస్‌కి తీసుకెళ్లేటప్పుడు."

"చర్చి వ్యాను కదా తీసుకెళ్లేది!"

"అది మూలపడి రెండేళ్లయింది. నీకు చెప్పొద్దంది."

ఆర్లిస్ ఆ పేజీ తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది.

చర్చిలో మిగతా మూడు పేజీలే చదివింది. క్లుప్తంగా, చక్కగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.