బాబాయి సర్దిన వరుసలు

ఆ ఉదయం బిందుమాధవి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటలకు హెలెన్ అనే ఆవిడ ఇంటికి వస్తుంది. చూపులేని వాళ్లకు ఉద్యోగంలో ఏ పరికరం కావాలో పరిశీలించి, ప్రభుత్వ పథకానికి సిఫారసు చేయడం ఆవిడ పని. ఆవిడకు తన ఇబ్బందులు చెప్పాలి, ఆవిడ తెచ్చే బ్రెయిల్ డిస్‌ప్లేలను వాడి చూడాలి, టీ ఇచ్చి సాగనంపాలి. అంతే.

బిందుకు పుట్టుకతోనే చూపు లేదు. చదువుకోవడానికి పెర్త్ వచ్చి, ఆ నగర శివారు కానింగ్ వేల్‌లో పిన్ని సీతారావమ్మ ఇంట్లో దిగింది. చదువు పూర్తయింది, గనుల కంపెనీలకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం దొరికింది, ఆ దేశంలోనే ఉండిపోవడానికి పీఆర్ కూడా వచ్చింది. అయినా వేరే ఇంటికి మారతానంటే పిన్ని ఆమెను గడప దాటనిస్తేగా! తెర మీది అక్షరాలను కంప్యూటర్ బిందుకు చెవిలో చదివి వినిపిస్తుంది. అయితే ప్రోగ్రాములో మాట ఎంత ముఖ్యమో, ఆ వరుస ఎంత లోపలికి జరిగి మొదలైందన్నదీ అంతే ముఖ్యం. ఖాళీలను కూడా చదవమంటే చదువుతుంది గానీ, ప్రతి వరుసకూ ‘నాలుగు ఖాళీలు, ఎనిమిది ఖాళీలు’ అని వింటూ కూర్చుంటే అసలు సంగతి బుర్రలోంచి జారిపోతుంది. అందుకని ఖాళీలు చదవడం ఆపించేసింది.

అదే బ్రెయిల్ డిస్‌ప్లే ఉంటే తెర మీది వరుస చుక్కలై వేళ్ల కింద లేస్తుంది, తడిమి చూసుకోవచ్చు. కొత్త జట్టుకు బిందునే పెద్దను చేస్తామని ఆఫీసులో అన్నారు. అప్పుడు నలుగురు రాసిన ప్రోగ్రాములూ తనే సరిచూడాలి. ఆ పరికరం లేకుండా సరేననే ధైర్యం ఆమెకు లేదు, సొంతంగా కొనుక్కోగలిగేంత చవకా కాదది. అందుకే పొద్దున్నే పిన్నిని పట్టుకుంది.

“పిన్నీ, ఆవిడ ముందు నా గొప్పలు చెప్పకు. ఇబ్బందులే చెప్పాలి.”

“ఊరుకోవే! పరాయి మనిషి ముందు మా పిల్లకి అది రాదు, ఇది రాదు అని ఎవరన్నా చెప్పుకుంటారటే?”

“చెప్పుకోవాలి పిన్నీ. ఇదేం పెళ్లిచూపులు కాదు.”

పిన్ని సరేనంది. సరేనని వెళ్లి పట్టుచీర కట్టుకుంది.

హెలెన్ వచ్చేసరికి హాల్లో బల్ల మీద గారెలు, కేసరి, రెండు రకాల పచ్చళ్లు కొలువుతీరి ఉన్నాయి. ఆవిడ ఒక గారె తిని, చాలా బాగుంది, ఎవరు చేశారని ఇంగ్లీషులో అడిగింది. అడిగినదే తడవు పిన్ని అందుకుంది.

“బిందు! ఆల్ బిందు!”

బిందు గారెల పిండి ముట్టుకుని ఎరగదు. “పిన్నీ,” అంది పళ్ల బిగువున.

“వంటలో ఇబ్బందేమీ లేదన్నమాట,” అంది హెలెన్. “బయటికి వెళ్లడానికి?”

“నో ప్రాబ్లం! బస్, ట్రైన్, ఎవ్రీథింగ్!”

“కంప్యూటర్ దగ్గర?”

“కంప్యూటర్ అంటే, వాట్ టు సే, డ్రింకింగ్ వాటర్ ఫర్ హర్!”

“కంప్యూటర్ దగ్గరే నాకు ఇబ్బంది,” అంది బిందు గట్టిగా.

“వెరీ షై గాళ్,” అని పిన్ని నవ్వి, ఇంకో గారె వడ్డించింది. హెలెన్ ఎటూ తేల్చుకోలేక గారె వైపే చూసింది.

ఈ సంబరమంతా హాల్లో నడుస్తుండగా బాబాయి శేషగిరి బిందు గదిలో బల్ల తుడుస్తున్నాడు. ఆయన ఒక గోడౌన్‌లో లెక్కలు చూసి రిటైరైన మనిషి. పటం వంకరగా ఉన్నా, చెప్పులు ఎడమొహం పెడమొహంగా ఉన్నా సహించలేడు. బిందు గదిలో కంప్యూటర్ తెర ఎప్పుడూ చీకటిగానే ఉంటుంది, దానితో ఆమెకు పనిలేదు గనక. ఇవాళ మాత్రం హెలెన్ చూడాలని వెలిగించి ఉంచింది. ఇన్నేళ్లలో బిందు రాసే పని బాబాయి కళ్లపడటం అదే మొదటిసారి.

చూసి ఆయన గుండె జారిపోయింది. ఒక వరుస అంచునుంది, దాని కిందిది కాస్త లోపలికి పోయింది, ఆ కిందిది ఇంకా లోపలికి పోయింది, తర్వాతది మళ్లీ బయటికొచ్చింది. పాపం, పిల్లకు కనిపించదు, ఆఫీసులో వాళ్లకు చెప్పే ధైర్యం లేదు కాబోలు అనుకున్నాడు. ఇప్పుడా ఆఫీసరమ్మ వచ్చి చూస్తే ఏమైనా ఉందా? కుర్చీలో కూర్చుని, ఒక్కో వరుసనూ వెనక్కి తోసి తోసి అన్నింటినీ ఎడమ అంచుకు చేర్చాడు. పక్కనున్న హెడ్‌ఫోన్స్‌లో ఏదో గొణుగుడు వినిపించింది గానీ ఆయన పట్టించుకోలేదు. పని ముగించి, కొలబద్ద పెట్టి గీసినట్టున్న ఆ అంచును చూసి తృప్తిపడి లేచాడు.

కాసేపటికి హెలెన్‌ను వెంటబెట్టుకుని బిందు గదిలోకి వచ్చింది. ఆవిడకూ వినిపించేలా కంప్యూటర్ గొంతు పైకి పెట్టి ప్రోగ్రాము చదివించింది. మాటలన్నీ నిన్న రాసినట్టే ఉన్నాయి. నడపమని మీట నొక్కింది. నడవలేదు. ఫలానా వరుస లోపలికి జరగాలి అంది కంప్యూటర్. రాత్రి చక్కగా నడిచిన ప్రోగ్రాము! బిందు ఆ వరుస సరిచేసి మళ్లీ నడిపింది. ఈసారి దాని కింది వరుస తప్పంది. అది సరిచేస్తే ఇంకో చోట తప్పంది. బిందు కంగారుగా మళ్లీ మళ్లీ మీట నొక్కింది.

“దిష్టి తగిలిందే,” అంది గుమ్మంలోంచి పిన్ని.

హెలెన్ నెమ్మదిగా అంది. “మీ వాళ్లేమో ఇబ్బందులే లేవంటున్నారు. ఇక్కడ చూస్తే కంగారు వల్ల జరిగిన పొరపాట్లలా ఉన్నాయి. ఈ పరికరం అవసరమని నేను ఏం చూపించి చెప్పను?”

బిందుకు ఏడుపొచ్చినంత పనైంది. కొత్త జట్టు చేతికందినట్టే అంది జారిపోతోంది. అయినా పట్టు వదలక, “ఒక్కసారి దాన్ని తగిలించి చూడనివ్వండి,” అంది.

హెలెన్ సంచిలోంచి రెండు డిస్‌ప్లేలు తీసి చిన్నదాన్ని కీబోర్డు ముందు అమర్చింది. బిందు వేళ్లు ఆనించింది. మొదటి వరుస తడిమింది. రెండోది తడిమింది. పది వరుసలు కిందికి పోయింది. తను సరిచేసిన ఆ కాసిని తప్ప అన్నీ అంచుకు అతుక్కునే ఉన్నాయి! ఇది కంగారు పడ్డ చేతి పని కాదు. ఎవరో శ్రద్ధగా కూర్చుని చేసిన పని. ఆ ఇంట్లో అంత శ్రద్ధ ఒక్కరికే ఉంది.

“బాబాయ్!”

బాబాయి గుమ్మంలోకి వచ్చాడు. “చూశారామ్మా? బాగుందా?”

బిందు నవ్వాపుకోలేక, జరిగింది హెలెన్‌కు వివరించింది. బాబాయి మొహం వాడిపోయింది. “వంకరగా ఉంటే నిన్నేమన్నా అంటారేమోనని సర్దానమ్మా,” అన్నాడు. బిందుకు ఆయన మీద కోపం రాలేదు, జాలీ ప్రేమా కలిసి వచ్చాయి. నిన్నటి ప్రతి భద్రంగా ఉందిలే అని ఆయన చెయ్యి నొక్కింది.

పిన్నికి అప్పటికి సంగతి బోధపడింది. “మేడమ్! ప్రాబ్లం! వెరీ బిగ్ ప్రాబ్లం! గారెలు కూడా నేనే చేశాను!” అని బావురుమంది. ఆ ఊపులోనే బిందు వైపు తిరిగి, “ఆ రెండోది పెద్దదిగా ఉందే, అదే తీసుకో,” అంది.

“పెద్దది పెడితే కీబోర్డు దూరమైపోతుంది పిన్నీ. నాకు ఈ చిన్నదే చాలు.”

హెలెన్ లాప్‌టాప్ తెరిచింది. “చెవికి దొరకనిది వేలికి దొరికింది. ఇంతకన్నా రుజువు అక్కర్లేదు, చిన్నదే సిఫారసు చేస్తాను. ఒక్కటే మిగిలింది. పనిచేసే చోట మీకు ఎదురవుతున్న ఇబ్బంది ఏమిటని రాయను?”

హాల్లో బాబాయి గోడ మీది పటాన్ని సరిచేస్తున్న చప్పుడు వినిపించింది.

“మా బాబాయి,” అంది బిందు.

హెలెన్ స్పెల్లింగ్ అడిగి మరీ రాసుకుంది.