తిరగేసి గీసిన గీత

ఆదివారం పొద్దున దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, గిటారుకి ఒక్క బెజ్జం పెట్టడం, ఆపైన కునుకు తీయడం.

సాయంత్రం కూతురు కాలేజీ వేదిక మీద మొదటిసారి ఎలక్ట్రిక్ గిటారు వాయించబోతోంది. "కొనడమెందుకే, నేను చేసిపెట్టనూ!" అని గొప్పలకు పోయింది ఈ మహానుభావుడే. ఆ మాట నమ్మి పిల్ల స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న గిటారు నిన్ననే తిరిగిచ్చేసింది. చెక్క కోయడం, రంగు వేయడం, నడుమ గుంట తవ్వడం అయిపోయాయి. అంచు నుంచి ఆ గుంట దాకా, వైరు గుచ్చే జాక్ కోసం బెజ్జం మిగిలింది. అటూ ఇటూ ఒకేలా ఉన్న ఆ చెక్కను బల్లమీద బోర్లా వేసి, కాగితం నమూనా పరిచి, సుద్దతో గీత గీశాడు. రేడియోలు బాగుచేసే బావమరిది డ్రిల్లుతో బర్రున తొలిచేశాడు.

చెక్కను వెల్లకిలా తిప్పాక బావమరిది నోరు తెరిచాడు. "బావా, జాక్ కింద ఉండాలి కదా. ఇది పైకొచ్చిందేంటి?"

దర్జీ కాగితం నమూనా మళ్ళీ పరిచి చూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా గుడ్డను తిరగేసి లోపలివైపే గీయడం అలవాటైన చెయ్యి, చెక్కనూ తిరగేసే గీసింది. గుడ్డకు చెల్లింది గానీ చెక్కకు చెల్లుతుందా?

"మీ అక్కకి చెప్పకు. పూడ్చేద్దాం" అంటూ తలుపు గడియ పెట్టాడు.

పూడ్చడానికి కర్ర కావాలి. మూలనున్న కొత్త గొడుగు పిడి సరిగ్గా సరిపోయేలా కనిపించింది. దాన్ని కోసి బెజ్జంలో పెట్టి సుత్తితో కొట్టారు. అది సగం దిగి బిగుసుకుపోయింది. ఇక ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

"లాగు బావా!"

"రావట్లేదురా! ఇంకా లాగితే చీలిపోతుంది!"

"అయ్యో, చిట్లుతోంది, ఆపు!"

తలుపవతల భార్య ఇదంతా వింది. మొగుడి వేలు డ్రిల్లులో ఇరుక్కుందనుకుని లబలబలాడుతూ పక్కింటి కాంపౌండరును లాక్కొచ్చింది. ఆయన దూదీ, కట్టూ, పట్టకారూ పట్టుకుని ఒక్క తోపుతో గడియ ఊడగొట్టి లోపలికొచ్చాడు.

"ఏ వేలు?"

ఇద్దరూ పది వేళ్ళూ చూపించారు. కాంపౌండరు నిట్టూర్చి, వచ్చిన పాపానికి పట్టకారుతో కర్రను మెల్లగా పీకాడు. దాన్ని చూడగానే భార్య గొంతు మారింది. "అది నా గొడుగు కదూ?"

సరిగ్గా అప్పుడే కూతురు వచ్చింది. చెక్కను చూసింది. తండ్రి తల దించుకున్నాడు. "నా వల్ల తప్పైపోయిందే తల్లీ. నీ పరువు తీసేశాను."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ముక్కు ఎగబీల్చి, "టైం లేదు నాన్నా. ఉన్నదాన్లోనే బిగించండి" అంది. బావమరిది మెడా, తీగలూ, జాక్ బిగించాడు. గిటారును దర్జీయే మోసుకుంటూ అందరూ కాలేజీకి బయల్దేరారు.

వేదిక మీద మిగతా ఇద్దరి గిటార్ల వైర్లు కిందినుంచి వేలాడుతున్నాయి. పాట మధ్యలో డప్పు వాయించేవాడు ఉత్సాహంగా చిందేసి రెండింటినీ తొక్కేశాడు. రెండూ ఊడొచ్చి గిటార్లు మూగబోయాయి. భుజం మీదుగా వీపు వెనక్కి పోయిన కూతురి వైరు మాత్రం ఎవరి కాలికీ అందలేదు. పాటంతా ఆ పిల్లే ఒంటిచేత్తో లాక్కొచ్చింది. జనం లేచి చప్పట్లు కొడుతుంటే దర్జీ ఎవరికీ కనబడకుండా కండువాతో మొహం తుడుచుకున్నాడు. భార్య గొడుగు మాట అక్కడికి వదిలేసింది.

మర్నాడే వైర్లు ఊడిన ఆ ఇద్దరూ కొత్త చెక్కలు చంకన పెట్టుకుని వచ్చారు. "బాబాయ్, మాకూ అలా పైన పెట్టిపెట్టరూ!"

దర్జీ మీసం సవరించుకున్నాడు. ఈసారి పొరపాటు జరగకూడదని చెక్కలను వెల్లకిలా పెట్టి, అదే నమూనా పరిచి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని గీశాడు.

రెండు బెజ్జాలూ చక్కగా కిందికి వచ్చాయి.