పూత పోయిన టీపాట్

మామగారి మట్టి టీపాట్ మూత తీసి లోపలికి చూసిన అత్తగారికి గుండె ఆగినంత పనైంది. ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి పూత మాయమైంది. పైగా గుప్పున సబ్బు వాసన.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే అత్తయ్యా," అన్నాడు అల్లుడు గర్వంగా. అతను పళ్ల డాక్టరు. గార కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. "బ్రష్షు అరిగిపోయిందనుకోండి. ఎంత గీకినా వదలదే!"

"కొంప ముంచారు బాబూ! అది గార కాదు, మీ మామయ్య పరువు."

ఆ ఇంట్లో కాఫీ నిషేధం. మామగారు తాగేది చైనా ఊలాంగ్ టీ ఒక్కటే. మట్టి టీపాట్ తనలో కాచిన టీనంతా పీల్చుకుని దాచుకుంటుందనీ, దాన్ని సబ్బుతో కడగడం మహాపాపమనీ ఆయన సిద్ధాంతం. ఆకు వెయ్యకుండా ఉత్త వేణ్ణీళ్లు పోసినా తన టీపాట్‌లో ఊలాంగ్ దిగుతుందని మందుల షాపాయనతో సవాలు చేశారు. ఆయన ఇంకాసేపట్లో రుచి చూడటానికి వస్తున్నాడు.

"మళ్లీ నల్లగా చేసే దారే లేదా అత్తయ్యా?"

అత్తగారు అటూ ఇటూ చూసి, పప్పుల డబ్బా వెనక నుంచి కాఫీ పొడి సీసా లాగింది. "మీ మామయ్యతో అనకండి. నాది. అయ్యో, మొన్ననేగా నింపాను, అప్పుడే అడుగంటిందేంటి!"

మిగిలిన పొడంతా వేసి, చిక్కటి కాఫీలో టీపాట్‌ను ఉడికించారు. సబ్బు వాసన పోయింది. నలుపు వచ్చింది. కాఫీ వాసన మాత్రం ఇల్లంతా కమ్మేసింది. అల్లుడు కిటికీలు తెరిచి తువ్వాలుతో విసురుతుండగానే కాలింగ్ బెల్ మోగింది. బయటికెళ్లిన మామగారు మందుల షాపాయన్ని వెంటబెట్టుకుని వచ్చారు.

హాల్లో మామగారు ఖాళీ టీపాట్‌లో వేణ్ణీళ్లు పోసి, కాసేపాగి, బుల్లి కప్పులోకి వంచారు. ముదురు గోధుమరంగు ధార. మందుల షాపాయన ఒక గుక్క తాగాడు. అనుమానంగా ఇంకో గుక్క చప్పరించాడు.

"గురువుగారూ, ఇది కాఫీ అండీ!"

అత్తగారు గోడకు అతుక్కుపోయింది. అల్లుడు చెమట తుడుచుకుని, తప్పు ఒప్పుకోవడానికి నోరు తెరిచాడు. ఈలోగా మామగారే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎన్నాళ్లని దాస్తాను! నాకు ఊలాంగ్ మొదట్నుంచీ సయించదు. పప్పుల డబ్బా వెనక ఆ సీసా కంటబడ్డ నాటినుంచీ ఇందులో కాఫీయే కలుపుకుంటున్నా. ఏదో గొప్పకి సవాలు చేశాను గానీ, మీరు నిజంగా వస్తారనుకున్నానా? ఎవరైనా వచ్చినప్పుడే ఇందులో ఊలాంగ్ పోసేది. మర్నాడు కాఫీ అంతా ఆ ఊలాంగ్ రుచే, నోట్లో పెట్టుకోలేకపోయేవాణ్ణి."