ఉచిత కాపలాదార్ల నియామకం

ఇంటి కంప్యూటరుకు ఉచిత కాపలాదారును ఎంపిక చేయడం ప్రతి గృహస్థుకూ పరమ బాధ్యత అనీ, ఆ బాధ్యతను అశ్రద్ధ చేసిన ఇళ్ళలో కంప్యూటర్లు చెడు సావాసాలు పట్టి, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఇంటి గుట్టంతా చెప్పేస్తాయనీ ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికీ తెలియజేయడమైనది. నాకు ఈ సంగతి మా కోడలు తెలియజేసింది. తను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఎదుటివాళ్ళకు ఏది కనిపించడం లేదో చెప్పడమే తన ఉద్యోగం.

"అత్తయ్యా, కంప్యూటర్లో యాంటీవైరస్ గడువు అయిపోయింది. డబ్బులు కట్టక్కర్లేనివి బోలెడున్నాయి, ఏదో ఒకటి ఎక్కించండి. ఒక్కటే సుమా!" అని గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అప్పగింతలు పెట్టి, "వెళ్ళొస్తాను" అంది.

మా ఇంట్లో ఎవరూ "వెళ్తాను" అనరు. పొరపాటున అన్నవాళ్ళను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ సరిగ్గా అనిపించి పంపుతాను. (దీనివల్ల బస్సులు తప్పిపోయినవాళ్ళు ఉన్నారు. మనుషులు తప్పిపోవడం కంటే నయం.)

నిజానికి మా కంప్యూటర్లో దొంగలు ఎత్తుకుపోయే సంపద ఏమీ లేదు. ఒక చదరంగం ఆట ఉంది. మా ఆయన మధ్యలో ఆపిన ఆట. అవతలి పక్షం కంప్యూటరే. ఓ సాయంత్రం ఆయన గుర్రం మీద చెయ్యి పెట్టబోతుండగా గదిలో బల్బు మాడిపోయింది. "బల్బు తెచ్చి ఎత్తు వేస్తాను, దీన్ని కదపకు" అని లేచి వెళ్ళారు. బల్బు ఎవరో తెచ్చి ఇచ్చారు. ఆయన రాలేదు.

అప్పటినుంచీ ఆ ఆట ఎప్పుడు తెరిచినా "మీ వంతు" అని మెరుస్తూ ఉంటుంది. అప్పుడప్పుడూ తెరిచి, కాసేపు చూసి, ఏదీ కదపకుండా మూసేస్తాను. ఇన్నేళ్ళలో అవతలి పక్షం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఒకసారి కోడలు తొంగిచూసి, "మామయ్యగారు ఓడిపోతున్నట్టున్నారే" అంది. మా వదిన, అంటే ఆయన అక్కగారు, వెంటనే అందుకుంది. "ఓడిపోవడమేంటే? వాడు ఆలోచిస్తున్నాడు."

ఆ వదిన పై వాటాలోనే ఉంటుంది కాబట్టి, కాపలాదార్ల ఎంపిక సంఘానికి అధ్యక్షురాలిగా తనను తానే ఏకగ్రీవంగా ఎన్నుకుని కిందికి దిగింది. సభ్యురాలిని నేను. సంఘం మొదటి సమావేశంలోనే ఒక మౌలికమైన ప్రశ్న తలెత్తింది.

"జీతం లేకుండా కాపలా ఎందుకు కాస్తాడే? వాడికేం పనిలేదా?" అంది వదిన.

"సేవాభావం అని రాశారు, వదినా."

"మీ ఆయన కూడా పెళ్ళికి ముందు అలాగే రాశాడు."

పరిశీలనలో తేలిందేమంటే, ఉచితం అనేది మూడు తరగతులు: మామూలు ఉచితం, పూర్తి ఉచితం, శాశ్వత ఉచితం (నెల రోజులు). అభ్యర్థులందరూ తామే ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నామని రాసుకున్నారు. రెండో స్థానానికి ఒక్కరూ పోటీ పడలేదు. సంఘం బాగా ఆలోచించి, తాళంకప్ప బొమ్మ ఉన్నదాన్ని ఎంచుకుంది. మిగతా బొమ్మలు మెరుపులూ కత్తులూ కావడంతో వదినకు గుండెదడ వచ్చింది.

ఎక్కించే ముందు "షరతులన్నీ చదివి అంగీకరించాను" అనే చోట గుర్తు పెట్టాలి. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. పొట్లాల కాగితాలూ, దుకాణాల బోర్డులూ చూసి అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని. ఏ కాగితమైనా చివరి చుక్కదాకా చదివితేగానీ కింద పెట్టలేను. అందుచేత షరతులన్నీ పైకి చదివాను. మధ్యాహ్నం దాటింది. తాళంకప్పవాళ్ళ చరిత్రలో ఇలాంటిది జరిగి ఉండదు. "మీరు ఇంకా అక్కడే ఉన్నారా?" అని తెర మీద కంగారుగా అడిగారు. ఉన్నానని నొక్కాను. కాసేపటికి మళ్ళీ అడిగారు. నా క్షేమం ఇన్నిసార్లు కనుక్కున్నవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు.

ఆ షరతుల చివర్లో మాత్రం, వైరస్‌లను పట్టుకోవడమే తమ శాఖ పని అనీ, గూఢచారులు వేరే శాఖ కిందికి వస్తారనీ ఉంది. కాబట్టి గూఢచారుల కోసం గుడ్లగూబ బొమ్మ ఉన్నదాన్ని పిలిపించాం. దాని షరతుల్లో ఒకటి ఇది: "మీరు చేసే పనులు ఎవరూ రహస్యంగా చూడకుండా ఉండేందుకుగాను, మీరు చేసే పనులన్నీ మేము నిరంతరం చూస్తూ ఉంటాము."

"సరే, నాలాగే అన్నమాట" అని వదిన తృప్తిగా తలూపి ఆమోదించింది.

ఇంతలో తాళంకప్ప డబ్బు మాట ఎత్తింది. ఇప్పుడు చేస్తున్నది మామూలు కాపలా అనీ, మెలకువగా ఉండి చేసే కాపలాకు రుసుము ఉంటుందనీ తెలియజేసింది. సంఘానికి ఒళ్ళు మండి బొచ్చుకుక్క బొమ్మ ఉన్న మూడోదాన్ని నియమించింది. రాగానే కుక్క మర్యాదగా ఒక మాట అడిగింది: "ఇదివరకే ఇద్దరు ఉన్నారు. వాళ్ళను తొలగించమంటారా?"

పక్కనే రెండు బొత్తాలు. అవును, కాదు.

"నొక్కవే" అంది వదిన.

"మధ్యాహ్నం వచ్చినవాళ్ళు, వదినా. సాయంత్రం పొమ్మంటే ఏమనుకుంటారు?"

"వాళ్ళేమైనా చుట్టాలా?"

నేను "కాదు" నొక్కాను. నా జన్మలో ఎవరినీ పొమ్మన్నదాన్ని కాదు. ఉండమన్నవాళ్ళే ఉండలేదు.

మర్నాడు పొద్దున కంప్యూటరు తెరిచేసరికి లోపల శాంతిభద్రతలు క్షీణించి ఉన్నాయి. ఇంట్లోకి ఏదో జంతువు దూరిందని తాళంకప్ప ఫిర్యాదు. ఎవరో తాళం బిగిస్తున్నారని కుక్క ఫిర్యాదు. ఇద్దరి కదలికలూ తన దృష్టిలో ఉన్నాయని గుడ్లగూబ ప్రకటన. కుక్కను తాళంకప్ప పట్టుకుంది, తాళంకప్పను గుడ్లగూబ పట్టుకుంది, గుడ్లగూబను కుక్క కరిచింది. ముగ్గురూ ఎవరికి వాళ్ళే "మీ కంప్యూటరు ఇప్పుడు క్షేమం" అని పచ్చటి గుర్తు చూపించారు. వదిన కుర్చీ దగ్గరికి లాక్కుని, "టీవీ కంటే బాగుందే" అని పక్కవాటా ఆవిణ్ణి కూడా పిలవబోయింది.

అప్పుడే ముగ్గురికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది. తెర మీద ఉమ్మడి ప్రకటనలాంటిది వచ్చింది:

"చదరంగం. తయారీదారు వివరాలు లేవు. మనిషి అలికిడి లేదు. అయినప్పటికీ ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉంది. ఈ ప్రవర్తన అనుమానాస్పదం. క్వారంటైన్‌కు తరలించడమైనది."

వదిన నవ్వు ఆగిపోయింది.

"వాణ్ణి ఎక్కడికి తీసుకుపోయారే?" అంది.

కోడలికి ఫోన్ చేశాను. అవతల ఎవరికో అద్దాలు తొడుగుతున్నట్టుంది. "ఈ వరస కనిపిస్తోందా అండీ?... ఆఁ, అత్తయ్యా, చెప్పండి. ఎన్ని ఎక్కించారు?"

"ఒక్కటేనమ్మా."

"అత్తయ్యా!"

"ఒక్కటే. మూడుసార్లు."

తను పెద్దగా నిట్టూర్చింది. "ఒకటి వదిలిపెడితే ఇంకోటి పట్టుకుంటుంది. రెండిటిని తీసేయండి. మిగిలినదాన్ని అడిగితే ఆట వదిలేస్తుంది. కంగారు పడకండి, మామయ్యగారి గుర్రం ఎక్కడికీ పోదు."

తీసేయడం అనుకున్నంత తేలిక కాదు. వచ్చేటప్పుడు ఒక్క నొక్కుతో వచ్చిన తాళంకప్ప, వెళ్ళమంటే ఫోన్ నంబరు ఇచ్చింది. చేస్తే, ఉచిత వినియోగదారుల వీడ్కోలు విభాగం, సహాయ ఉప ఓదార్పు అధికారి పలికాడు.

"అమ్మా, మావల్ల ఏం తప్పు జరిగింది?" గొంతు జీరగా ఉంది.

"అయ్యో, మీ తప్పేం లేదు నాయనా."

"మరి ఎందుకమ్మా పొమ్మంటున్నారు? ఇంకో మూణ్ణెల్లు ఉంటాం. వద్దా? పోనీ, ఒక మూల ఉంటాం. కనపడం."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదిన ఫోన్ లాక్కుని, "ఏమయ్యా, అన్నం తిన్నావా?" అని గద్దించింది. తినలేదన్నాడు. "తిను. మమ్మల్ని వదులు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

"సరేనమ్మా. మీ నోటితో ఒక్క మాట చెప్పండి, నమోదు చేసుకుంటాం."

"వెళ్ళిరా నాయనా" అన్నాను.

అతను పొంగిపోయాడు. గుడ్లగూబవాళ్ళ అధికారికీ అదే మాట చెప్పాను. ఆవిడా పొంగిపోయింది. మర్నాడు పొద్దున ఇద్దరూ వచ్చేశారు. కుక్క అప్పుడే విడిపించిన చదరంగాన్ని మళ్ళీ పట్టుకుపోయారు.

మండిపడుతూ ఫోన్ చేస్తే అధికారి నియమావళి చదివి వినిపించాడు. "వెళ్ళి, రమ్మన్నారు కదమ్మా. కాబట్టి తాత్కాలిక నిష్క్రమణ కింద నమోదైంది. శాశ్వత నిష్క్రమణకు వేరే మాట ఉంది."

"అదేదో నేను చెప్తా, ఇలా ఇయ్యి" అని వదిన చెయ్యి చాపింది.

"కుదరదమ్మా. నియమించినవారే చెప్పాలి."

వదిన నా వైపు చూసింది. ఆ పెద్దావిడ నన్ను అలా వేళాకోళం లేకుండా చూడటం ఎప్పుడో గానీ జరగదు. "చెప్పవే" అంది మెల్లగా. "వాడు అవతల ఎత్తు వెయ్యాలి."

ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను. గుమ్మంలో ఎవరూ లేరు. చెప్పులూ లేవు.

"వెళ్ళు" అన్నాను.

"అంతేనా అమ్మా? తర్వాత ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"ఖాయమేనా?"

"ఖాయం."

"మరోసారి ఆలోచించుకుంటారా?"

వెళ్ళిపోయేవాళ్ళు గుమ్మంలో నిలబడి ఇన్నిసార్లు అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనైతే బల్బు ఎన్ని వాట్లదో కూడా అడగకుండా వెళ్ళారు.

తాళంకప్ప పోయింది. గుడ్లగూబవాళ్ళకూ అదే మాట చెప్తే, గుడ్లగూబ ఒక కన్ను మూసి, రెండోది కూడా మూసి పోయింది. (వదిన ఆ రెండో కన్ను మూసేదాకా పైట సర్దుకుంటూనే ఉంది.) మిగిలిన కుక్క చదరంగాన్ని తెచ్చి ముందు పెట్టి, "ఇతను మీకు తెలిసినవాడేనా?" అని అడిగింది. తెలిసినవాడే అన్నాను. "ఎప్పటికీ అనుమతించాలా?" అంది. అవునన్నాను.

ఆట తెరుచుకుంది. గుర్రం ఎక్కడిది అక్కడే ఉంది. మంత్రి ఉన్నాడు. రాజు కొంచెం చిక్కులోనే ఉన్నాడు. "మీ వంతు" అని మెరుస్తోంది. వదిన కళ్ళద్దాలు తుడుచుకుని బల్ల మీదికి వంగి, "అబ్బ, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడే వెధవ" అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం ఆయాసం వచ్చేదాకా నవ్వాం.

అంతలో తెర కింది మూల నుంచి కుక్క మళ్ళీ తల బయటపెట్టి, విధి నిర్వహణలో భాగంగా చివరి ప్రశ్న అడిగింది: "ఈ ఆట చాలాకాలంగా ముందుకు సాగడం లేదు. ముగించమంటారా?"

ఈసారి కూడా రెండే బొత్తాలు. ఒకటి "ముగించు". రెండోది "తర్వాత గుర్తుచేయి".

రెండోదే నొక్కాను. ఆరోజు నుంచీ ప్రతి ఉదయం మర్చిపోకుండా గుర్తుచేస్తోంది. ఈ సేవ పూర్తిగా ఉచితం.